మేనమామ పోలిక

మూడో నాడే తేల్చేశారు అందరూ,
ముక్కు నాదేనని,
చెవి వెనక పుట్టుమచ్చ కూడా నాదేనని.
మేనమామ పోలికొస్తే అదృష్టవంతుడంట.
నేను ఆటో తోలుకుంటాను
నరసన్నపేట నుంచి మడపాం దాకా;
నా అదృష్టమెంతో మీటరు లేకుండానే తెలుస్తుంది.

ఆరో నాడు మా అమ్మ తవిటమ్మ
అటక మీంచి ట్రంకుపెట్టె దింపించింది.
అడుగున బొంత,
పాత చీరలు ఏడు పొరలేసి కుట్టింది,
నేనూ మా కూర్మావతీ పడుకుని పెరిగింది.
మడతల్లో కలరా ఉండలు
అరిగి అరిగి చింతగింజలంత మిగిలాయి.
ఎండలో వెయ్యాల్సిందని తర్వాత అంది.
అప్పుడు మాత్రం "శుభ్రమైన వాసన" అంటూ
గుంటడిని అందులో చుట్టింది.

రెండు రోజులకి కళ్లలో పసుపు,
తర్వాత అరికాళ్లలో.
పక్కింటావిడ పసిరికలంది,
పసరు పోసే ఊరి పేరు చెప్పింది.
చెల్లి ఏమీ అనలేదు.
తడిసిన గుడ్డ తెచ్చి నా ముందు పరిచింది,
టీ డికాషన్ ఒలికినట్టుంది.

నాకు ఆ రంగు తెలుసు.

ఎనిమిదో ఏట చలిజ్వరానికి
పద్నాలుగు రోజుల బిళ్లలిచ్చారు.
నాలుగో నాడు పెరటి గోడ మీద
నేరేడు రసం జారింది.
నడుం పట్టేసింది. గోళ్లు సున్నమైపోయాయి.
దిష్టన్నారు, గాలి సోకిందన్నారు, కోడిని దిగదుడిచారు.
మిగిలిన బిళ్లలు చేదని
నేను దూలం సందులో దాచేశాను.
కోడి వల్ల బతికానని ఇప్పటికీ అనుకుంటారు.

ఆ రాత్రి వంతెన మీద
వెనక సీట్లో అమ్మ, చెల్లి, బొంతలో వాడు.
కింద ఏరు కనబడలేదు, పారుతున్న చప్పుడే.
వంశధార అని పేరు పెట్టినోడికి
ఎంత తెలుసో ఏమో.

శ్రీకాకుళంలో డాక్టరమ్మ
పిల్లాడి కన్నా ముందు బొంతని వాసన చూసింది.
"ఇది బయటికి తీసుకెళ్లండి" అంది.
"తల్లి వైపు మగవాళ్లలో ఎవరికైనా...?"
అందరూ నా వంక తిరిగారు.
అమ్మ మాత్రం నేల చూసింది.

"నా తమ్ముడు జోగులు. తొమ్మిదేళ్లోడు.
జొరం తగ్గిపోనాది, బిళ్లలకే పోనాడనేది మా యమ్మ.
ఎవులూ నమ్మలేదు."

పేరులో అక్షరాలు, మధ్యలో ఒక అంకె, ఆటో నంబరులా
ఏదో ఎంజైమ్ తక్కువంట.
ఎర్రకణానికి తుప్పు పట్టకుండా కాసేది అదేనంట.
ఉత్త రోజుల్లో ఏమీ తెలీదు,
తినొచ్చు, తిరగొచ్చు, బస్తాలు మొయ్యొచ్చు.
ఆ బిళ్ల, ఆ ఉండ తగిలినప్పుడే
నెత్తురు లోలోపల చిట్లిపోతుంది.
తల్లి నుంచి కొడుక్కి.
తండ్రి నుంచి కూతురికి.
"తప్పు బొంతదా, నాదా?" అడిగింది అమ్మ.
ఎవరిదీ కాదంది డాక్టరమ్మ.
చలిజ్వరాల నేలల్లోనే ఇది ఎక్కువంట,
ఆ పురుగు ఇలాంటి నెత్తుట్లో సరిగా బతకదంట.
అయితే ఊరు సగం ఊడ్చుకుపోయిన ఏ ఏడో
మా ముత్తాత ముత్తాతని ఈ లోటే నిలబెట్టిందేమో!
అప్పు తిన్నది ఆయన,
వడ్డీకి జోగులు పోయాడు.

నీలం దీపం కింద, కళ్లకి గంతలతో
వాడు గాల్లో కాళ్లు తన్నుతున్నాడు.
నా రక్తం ఎక్కించమంటే వద్దన్నారు.
పోలిక నాదే, నెత్తురు మాత్రం పనికిరాదు.

తిరిగొచ్చాక మా ఇందుమతి
వాడకూడని మందుల పేర్లు గుండ్రంగా రాసి
ఆటో అద్దం పక్కన అంటించింది.
"నాన్నా, నాకూ ఉన్నట్టేనా?" అంది.
ఉన్నట్టే, తల్లీ. స్కూలుకి టైమైంది, ఎక్కు.

అమ్మ బొంతని తగలబెట్టనివ్వలేదు.
నాలుగుసార్లు ఉడకబెట్టి కంచె మీద ఆరేసింది.
మధ్యాహ్నం ఎండెక్కాక మళ్లీ అదే వాసన.
ఇప్పుడు అరుగు మీద కూర్చుని కుట్లు విప్పుతోంది,
ఒక్కో పొర, ఒక్కో పొర.
ఆరు విప్పింది.
ఏడోది మాత్రం ఒళ్లో పెట్టుకుని ఆగిపోయింది,
"ఇది మా యమ్మది" అంటోంది,
ఎవరూ అడక్కుండానే.