వాచీలో ఇంకేటుండాల

పేరులో తాబేలు, మెడలో విజిలు,
మా కూర్మారావు మాస్టారు
తన చేతి వాచీ విప్పి
మా అయిదుగురికీ వంతులేశారు.
సోమవారం ఢిల్లేశ్వరి, మంగళవారం నేను.
బెల్టుకున్న చిల్లులు చాలక
మా సన్న మణికట్లకోసం మేకు కాల్చి పొడిచిన చిల్లు ఇంకొకటి.

"కంపెనీవోలు అడుగుతన్నారే గుంటలూ,
ఇందల ఇంకేటుండాలో సెప్పండి,
రాసి పంపుతాను" అన్నారు నిన్న
పలాస రైల్వే గ్రౌండులో,
గడ్డి మీది మంచు ఇంకా లేవకముందే.
అప్పుడు నోరు పెగల్లేదు.
ఇప్పుడు పిక్కలు కొడుతుంటే ఒక్కోటీ గుర్తొస్తున్నాయి.

ముందుగా మీటలు, మాస్టారూ.
అద్దం మీద వేలితో రాస్తే చాలంటారు.
నా వేలిని అది వేలనుకోదు.
ఆరేళ్లుగా జీడి తాగిన వేళ్లు,
రేఖలు కాలిపోయి నున్నబడ్డాయి.
రేషను డిపో మిషనే నన్ను నేనని ఒప్పుకోదు.
కటింగు మిషను పెడలుంటుంది చూడండి,
తొక్కితే తెగుతుంది.
అలాగ, నొక్కితే టక్కుమనాలి.

గుండె లెక్క ఒకటుంది.
కాశీబుగ్గ మలుపులో
బైకుల మీద కాళ్లు చాపుకున్న వాళ్ల ముందునుంచి పోతుంటే
నూటడెబ్భయ్యెనిమిది చూపించింది.
శభాష్, గట్టి ప్రయత్నం అంది.
నేనప్పుడు నడుస్తున్నాను మాస్టారూ.
పరుగు దడ వేరు, ఆ దడ వేరు.
రెండిటికీ ఒకే ఎర్రరంగు పూస్తే ఎలాగ?

రైలుగేటు కాడ నేనాగితే తనూ ఆగిపోతుంది,
దాని తెలివి మెచ్చుకున్నాను.
బొగ్గు గూడ్సు, యాభై ఎనిమిది పెట్టెలు.
ఆ నిమిషాలు వాచీ లెక్కలో లేవు,
మేస్త్రీ లెక్కలో ఉన్నాయి.
పరుగయ్యాక మళ్లీ అంటుంది,
ముప్పయ్యారు గంటలు విశ్రాంతి తీసుకోమని.
ఆ ఒక్క ముక్కా
మేస్త్రీకి వినపడేంత గట్టిగా అనమనండి.

ఢిల్లేశ్వరిది ఒకటే గోల,
"కుక్కలొస్తే ముందే సెప్పాల."

చిన్నమ్మడు ఏమీ అడగలేదు.
వాళ్లది ఉద్దానం లోపల ఊరు.
ఇరవై నిమిషాలకోసారి
నీళ్లు తాగు, నీళ్లు తాగు అని వాచీ చెయ్యి వణికిస్తుంది.
ఏ బోరువో చెప్పదు.
వాళ్ల నాన్న మూడురోజులకోసారి ఆస్పత్రిలో
తన నెత్తురు మిషన్లోకి పోయి తిరిగొచ్చేదాకా
సీలింగు ఫ్యాను చూస్తూ పడుకుంటాడు.
తను సీసా మూత తీసి, వాసన చూసి, మళ్లీ బిగించింది.
అది మీరెలా రాస్తారో నాకు తెలీదు.

తుఫాను గంట ఇప్పటికే ఉందట,
గాలి బరువు తగ్గితే మోగుతుందట, మంచిదే.
తిత్లీకి కూలిన పనసచెట్టు మాకు సగం దూరం గుర్తు.
"పనస కాడ తిరిగి రండి" అంటారు మీరు,
ఏమీ లేని చోట అందరం తిరుగుతాం,
ఒక్క అడుగు తేడా రాదు.
పటంలో చిన్న బొమ్మ పెట్టుకోనిస్తే బాగుణ్ణు,
లేని చెట్టుకి.

చివరిది, అసలు చెప్పకూడదనుకున్నది.
మా అయిదుగురి పరుగూ మీ పేరు మీదే పడుతోంది.
మగ, యాభైనాలుగేళ్లు.
మీ ఒంటి వయసు పంతొమ్మిదని
మొన్న పొగిడింది కూడా.
దాన్ని మాత్రం సరిచెయ్యమని రాయకండి.
చీకటి విడకముందే
కాశీబుగ్గ మలుపులో రోజూ
ఒక యాభైనాలుగేళ్ల మగాడు లగెత్తుతున్నాడని
పైనున్న ఆ ఉపగ్రహాలు అనుకుంటే
మాకూ కొంచెం నిబ్బరం.

మీటలు మరిచిపోకండి.