లబ్ధిదారు

గుంత తవ్వింది నడి ఎండాకాలంలో.
పద్దెనిమిది మంది కూలోళ్లు, ఇరవై రెండు దినాలు.
పొడుగు పది, వెడల్పు పది, లోతు రెండు మీటర్లని
ఢిల్లీబాబు టేపు పట్టుకోని చెప్పినాడు.
మీటరున్నర కాడ బండ తగిలింది.
సమ్మెటలు తెచ్చి పగలగొడితిమి.
"బండకు గూడా బిల్లు వస్తిందా సార్?"
"బండకు కాలమ్ లేదు చెంగల్రాయా."

నీళ్లకంటే ముందు పలక వచ్చింది.
సిమెంటు పలక, పచ్చ పెయింటు.
పని పేరు పంట కుంట, సర్వే నెంబరు,
అయిన ఖర్చు ఆఖరి రూపాయి దాకా,
లబ్ధిదారు అనే మాట పక్కన నా పేరు.
ఆ మాటకు నోరు తిరగక మనవరాలు
"తాతా, నువ్వు లడ్డుదారువా?" అనింది.
ఊరంతా వారం దినాలు నన్ను అట్లే పిలిచిరి.

"ఫోటో తీయాల, అంచున నిలబడు."
"నవ్వాల్నా?"
ఢిల్లీబాబు ఫోను ఆకాశం పక్క ఎత్తి
సిగ్నలు కోసం కోడిమెడ మాదిరి తిరగతా
"చేను ఇది ఒక్క తావే చూపియ్యాల, కదలగూడదు" అనినాడు.
చేను యాడ కదిలింది సామీ,
కదిలేదంతా పైమన్నే గదా,
మా నాయన తోలిన ఎరువుతో సహా
వానకింత, వానకింత, వంకలోకి.

ఆ ఏడు వాన్లు లేవు.
గుంతలో మేకలు నీడకు పండుకొనె.
బంతి బయటికి పోదని పిల్లోళ్లు క్రికెట్ ఆడిరి.
మొగిలమ్మ గెనిమ మింద నిలబడి
"గవర్మెంటు దుడ్డుతో గోరీ తవ్వుకుండావే" అనింది.
మూడు మూరల గెనిమ కోసరం
పదకొండేండ్లు మాటల్లేవు మా మధ్య.
పదకొండేండ్లకు ఆ ఒక్క మాట.
ఇంటికొచ్చి నా పెండ్లాంతో చెప్పితే
"మాట్లాడింది గదా" అనింది.

పైయేడు కార్తీకంలో తుపాను.
మూడు రేతుర్లు వదలకుండా కొట్టె.
పలమనేరు రోడ్డు తెగె. గుంత నిండె,
ఎర్రగా, టీ మాదిరి.
గోనెపట్ట కప్పుకోని పోయి చూస్తిని.
రెండు లక్షల లీటర్లంట,
నా పేరు మింద.
అంత నీళ్లకు నేను ఎప్పుడూ యజమాని కాలేదు.

తొమ్మిదో దినానికి ఏమీ లేదు.
అడుగున తడి, ఒక కప్ప,
బండలో వేలు పట్టేంత పగులు.

పల్లం పక్క మొగిలమ్మ బావి.
ఆమె మొగుడు పొయ్యేటప్పటికే ఎండిన బావి,
పావురాళ్లు గూళ్లు పెట్టుకున్న బావి.
ఆ పొద్దు పావురాళ్లన్నీ పైన గిరగిరా తిరగతా ఉంటే
ఏమిరా అని వంగి చూస్తిని.
పదహారో మెట్టు దాకా నీళ్లు.
తేటగానే ఉండాయి,
అయినా నాకు తెలుసు.

ఒప్పుకోవాల గదా, ఆ రేత్రి నిద్ర పట్టలేదు.
పగులుకు రెండు మూటలు సిమెంటు చాలనుకుంటిని.
అంగడి దాకా పోతిని.
బీడీకట్ట కొనుక్కోని వచ్చేస్తిని.

తనిఖీకి వచ్చిన పాప పంచాయితీ ఆపీసులో
కుంట వల్ల లాభం ఎంత అని అడిగింది.
"మొగిలమ్మ అనపచేను చూడు, ఎకరా" అంటిని.
ఆయమ్మ మీకేమవుతుంది?
"ఏమీ కాదు."
పాప పెన్ను మూతి కొరుకుతా రొంతసేపు ఉండి
ఏదో రాసింది. ఏమి రాసిందో అడగలేదు.

పుష్యంలో ఒక తెల్లారి, మంచులో,
ఒక గుడ్డసంచి కనపడె.
నిండా అనపకాయలు.
పలక కొసకు తగిలించి ఉండాది,
సరిగ్గా నా పేరు మింద.
గెనిమ ఆపక్క ఎవరూ లేరు.
బావికాడ మోటరు శబ్దం మాత్రం.