మూడో అధ్యాయం

అల్లిపురం మేడ మీద గదిలో కూర్చుని
ఎల్లాజీని ముంచేద్దామనుకున్నాను.
తుఫాను సిద్ధం.
యారాడ కొండ మీద లైటుహౌసు కూడా
ఒక్క వాక్యంతో ఆర్పేశాను.
ఒడ్డున పరదేశమ్మ ఏడవాలి,
రెండు పేజీలు,
చదివినవాళ్లు కళ్లు తుడుచుకోవాలి.

పొద్దున్న లేచి చూస్తే
వాక్యం చివర చుక్క లేదు.
పడవ ఫిషింగ్ హార్బర్లో కట్టేసి ఉంది.
తాడుకి వేసిన ముడి నాది కాదు.

"తుఫాను నీ ఇష్టం బాబూ,
పడవ మాది" అంది
కాగితం మీద పొలుసులు రాలుస్తూ.

ప్రేమ అనుకున్నాను.
పొంగిపోయి
వాళ్లకో పెళ్లిరోజు రాయబోయాను,
జగదాంబలో ఫస్ట్ షో, మూరెడు మల్లెలు.

కలం పట్టుకుని ఆపింది.
"ఆడు సచ్చిపోతే
నానెవుల్నొగ్గేది?"

ఇరవయ్యేళ్ల దెబ్బలు.
నేనెక్కడా రాయలేదు.
ఆమె మోచేతి మీద మచ్చని
చేప ముల్లు గీత అని రాశాను
మొదటి అధ్యాయంలో, అందంగా.

ఎల్లాజీ బతికే ఉన్నాడు,
గడియ పెట్టిన తలుపు బయట.

ఆమె పూర్ణా మార్కెట్లో
వంజరం ముక్కలు కొడుతోంది.
నాలుగో అధ్యాయం ఏదని వెళ్లి అడిగితే
తలెత్తకుండా
"రేపు రా" అంటోంది,
అప్పులోడితో అన్నట్టు.