రిజిస్టరు వెనక పేజీలు

ముందు పేజీలు ప్రభుత్వానివి.
గంట గంటకీ నీటిమట్టం, ఇన్‌ఫ్లో, ఔట్‌ఫ్లో,
ఏ గేటు ఎన్ని అడుగులు లేచిందో,
కింద నా పొట్టి సంతకం: షేక్ కాలేషా, లస్కరు.
ఇరవై రెండేళ్ళుగా ఇదే చేతిరాత,
వాన పడితే కాస్త వంకర పోతుంది.

వెనక పేజీలు తుపాకుల చెంచురత్నానివి.

డ్యాంకి దిగువన నలభై కిలోమీటర్లు,
పెన్న ఒడ్డున ముప్ఫై గడపల కాలనీ ఆమెది.
మొదటిసారి ఫోన్ చేసి
"లక్ష క్యూసెక్కులు వదులుతుండాం, జాగర్త" అంటే
కాసేపు ఊరుకుని అడిగింది:
"క్యూసెక్కంటే నాకు తెలవదు సామీ.
మేకల కొయ్య దాకానా, పొయ్యి దాకానా?
రొంత నాకు తెలిసేటట్టు చెప్పు."

నాకూ తెలీదు.
మా ఇంజనీరు గారికీ తెలీదు.
ఆఫీసు గోడ మీది పటంలో ఆ కాలనీ లేదు,
ఆ చోట నీలం రంగు పూసి ఉంది.

అందుకని రిజిస్టరు తిరగేసి మొదలుపెట్టాను.
వరద పోయినప్పుడల్లా ఆమె చెప్పేది, నేను రాసేవాణ్ణి.
యాభై వేలు: బట్టలుతికే బండ మునుగుద్ది.
ఎనభై: మేకల కొయ్య.
లక్షా ఇరవై: పొయ్యి. గంజి ముందే కాచుకోవాల.
లక్షా తొంభై: దీపం గూడు.
ఆ పైన ఆమె ఏమీ చెప్పలేదు.
ఖాళీ గీత ఒకటి గీసి వదిలేశాను.

ఎవరూ అడగని సంగతులు కూడా వెనకే రాసుకున్నా.
ఏడో గేటు ఇనప తాడులో పోగులు లేస్తున్నాయి.
నాలుగు డబ్బాల గ్రీజు కోసం పంపిన ఇండెంటు
మూడు వేసవులు తిరిగి తిరిగి
"పరిశీలనలో ఉంది" అన్న ముద్రతో ఇల్లు చేరింది.
సైరన్ గొంతులో పిచికలు పిల్లల్ని పెట్టాయి.
ఆదివారాలు చూడ్డానికొచ్చేవాళ్ళు
గేట్ల ముందు నిలబడి ఫోటోలు దిగుతారు.
తుప్పు ఫోటోలో బాగానే పడుద్ది,
పొద్దుగూకే రంగులో.

ఆ కార్తీకం రాత్రి మా మీద చుక్క లేదు.
నక్షత్రాలు కూడా ఉన్నాయి.
వానంతా కడప కొండల మీద పడి
చీకట్లో మా వైపు నడిచొస్తోంది,
ఎర్రగా, చెట్లను మోసుకుంటూ.

పదకొండింటికి ఎత్తమన్నారు.
అన్నీ లేచాయి. ఏడోది మూడడుగులు లేచి
గొంతులో ముల్లు పడ్డట్టు ఆగిపోయింది.
తాడులో ఇంకో పోగు టప్పున తెగింది.
దాని వాటా నీళ్ళు పక్క గేట్ల మీద పడ్డాయి.
నా పాదాల కింద కాంక్రీటు
ఈగ వాలిన గేదె చర్మంలా వణికింది.
అక్కడ నిలబడితే తెలుస్తుంది,
డ్యామంటే గోడ కాదు,
రోజూ ఎవరో ఒకరు చేస్తూ ఉండాల్సిన పని.

ముందు పేజీలో రాశాను: ఏడో గేటు మొరాయించినది.
వెనక పేజీ తిప్పి ఫోన్ చేశాను.
"రత్నమ్మా, దీపం గూడు. ఆ పైన కూడా కావచ్చు."
"ఎంత సేపుండాది?"
"ఆరు గంటలు."
"చాలు."
పెట్టేసింది. ఆ తర్వాత ఎంత చేసినా మోగలేదు.

చేత్తో తిప్పే పిడి పట్టుకుని
నలుగురం అంగుళం అంగుళం ఎత్తాం తెల్లారేదాకా.
పొద్దున ఎనిమిదికి అందరి ఫోన్లకీ మెసేజి వచ్చింది:
లోతట్టు ప్రాంతాల ప్రజలు అప్రమత్తంగా ఉండవలెను.

మూడో రోజు ఆమే చేసింది,
హైస్కూలు మెట్ల మీంచి, ఎవరిదో ఫోన్.
"ముప్ఫై గడపల మనుషులం ఉండాం.
గడపలు ఎన్నుండాయో చూడాల.
ఒక మాట సామీ, నీ లెక్క తప్పు.
గూడు కాదు, గూటి మీద జానెడు.
మా ఆయన ఫోటో మేకు దాకా.
దిద్దుకో."

విచారణకొచ్చినవాళ్ళు
ముందు పేజీలు జిరాక్సు తీసుకున్నారు.
వెనక్కి తిప్పలేదు.

వాళ్ళ జీపు పోయాక పెన్సిలు చెక్కుకుని
ఖాళీ గీత మీద రాశాను:
రెండు లక్షల పదిహేను వేలు, గూటి మీద జానెడు.

జానెడంటే ఆమె జానెడా, నా జానెడా,
అడగడం మరిచాను.