పడవవాడి నలభై ఒక్క మాటలు

బ్ర్నో ఊళ్లో, సైకిళ్లు బాగుచేసే కొట్టు మీద
మా ఆఫీసు గది.
కిటికీ తెరిస్తే ట్రామ్ గంట,
మూస్తే హీనెక్ తినే ఉల్లిపాయ రొట్టె వాసన.
నా ఉద్యోగం ఏమిటంటే చెప్పడం కష్టం.
లేని మనుషులు లేని నది ఒడ్డున
ఏం మాట్లాడుకోవాలో రాస్తాను.
ఏం మాట్లాడుకోకూడదో కూడా.

మొదటి ఆటలో ఒక పడవవాడున్నాడు.
గొంతు ఓతకార్ గారిది.
ముప్పై ఏళ్లు రంగస్థలం మీద రాజుల వెనక
ఈటె పట్టుకు నిలబడ్డ మనిషి,
మా గాజు గదిలోకి బూట్లు విప్పి మరీ వచ్చాడు.
ఒక్క మధ్యాహ్నంలో నలభై ఒక్క వాక్యాలు చదివేసి
"ఇంతేనా? ఈయనకి పేరు లేదా?" అన్నాడు.
లేదన్నాను.

"అవతలి ఒడ్డుకా? ఎక్కు."
"రాత్రిపూట నేను దాటించను."
"నా కొడుకు గురించి అడక్కు."
ఆ కొడుకెవరో నాకూ తెలీదు.
కథకి ఒక కొక్కెం ఉంటే బాగుంటుందని కొట్టాను,
దానికి ఏ చొక్కా తగిలించాలో తర్వాత చూసుకోవచ్చని.

ఆడేవాడికి మూడు జవాబులిచ్చాను.
సరే.
ఎంత తీసుకుంటావు?
మళ్లీ వస్తాను.
మూడూ ఒకే రేవులో దిగుతాయి.
మళ్లీ వస్తానన్నవాడు రాక ఎక్కడికి పోతాడు?
వంతెన విరగ్గొట్టింది నేనే.
ఎందుకు విరిగిందని అడగడానికి
తెర మీద గీత లేదు.

ఫిబ్రవరిలో ఓతకార్ గారు పోయారు.
శ్మశానవాటికలో వరుసలో నిలబడ్డాను.
నా వంతు వచ్చేసరికి నా ముందు కూడా మూడే:
చాలా బాధగా ఉంది.
గొప్ప మనిషి.
ఏదైనా కావాలంటే చెప్పండి.
మధ్యది నొక్కాను.
వ్లాస్తిమీలా గారు తల ఊపింది,
అంతకుముందు నలుగురికి ఊపినట్టే.

ఇప్పుడు రెండో ఆట. అదే నది.
కొత్త గొంతు తెద్దామన్నారు పైవాళ్లు.
మెషీన్ చేత ఆయనలాగే పలికించొచ్చు, అన్నాడు హీనెక్,
అనేసి రొట్టె వైపు చూస్తూ కూర్చున్నాడు.
ఆవిడకి ఫోన్ చేశాను.
"ఉన్నవి వాడుకో. అననివి అనిపించకు."
ఫోన్ పెట్టేసింది.

కాబట్టి వెనక నుంచి రాస్తున్నాను.
జవాబులు ముందే ఉన్నాయి, ప్రశ్నలే పుట్టాలి.
"రాత్రిపూట నేను దాటించను":
దీనికి ముందు ఎవరేం అడిగి ఉంటారు?
పారిపోతున్న పిల్లా? తరుముతున్న సైనికుడా?
ఇద్దరూ అడిగితే ఇద్దరికీ అదే మాట,
ఒకరికి దయ, ఒకరికి శిక్ష.
గొంతులో మాత్రం వెంట్రుకవాసి తేడా లేదు.

ఆడేవాడే ఆ కొడుకని తేలిస్తే? అన్నాను.
"మరీ పాత మందు," అన్నాడు హీనెక్.
కొట్టేశాను. రెండు రోజులకి మళ్లీ రాశాను.
మళ్లీ కొట్టేశాను.
ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్ల కోసం కట్టిన ఆట ఇది,
తెప్ప నడిపినవాడి ఇంటి సంగతి
ఎవరి సంచిలోనూ పట్టదు.

నిన్న రాత్రి పాత రికార్డింగు మొదటి నుంచీ విన్నాను.
ఇరవై ఆరో వాక్యం తర్వాత దగ్గు,
కుర్చీ కిర్రుమన్న చప్పుడు,
ఎవరూ ఆపడం మరిచిన మైకులో
"నీళ్లున్నాయా, అమ్మాయ్?"

ఇది రాసింది నేను కాదు.
ఇది ఆయన అన్నమాటే.
వ్లాస్తిమీలా గారికి వినిపించాను.
ఆవిడ రెండోసారి వేయమంది, మూడోసారి కూడా,
తర్వాత ఊ అంది.

"అమ్మాయ్" దగ్గర కోశాను.
ఆడేవాళ్లు ఎవరైనా కావచ్చు కదా.
ఆ ముక్క పారెయ్యలేదు, ఇంట్లో ఉంది.

నది నడిమధ్య ఇప్పుడు పడవవాడు తెడ్డు ఆపుతాడు.
చుట్టూ అన్ని నీళ్లు పెట్టుకుని
నీళ్లున్నాయా అంటాడు.
తెర మీద ఒక్కటే గీత:
ఇదిగో.
"ఒక్కటేనా? లేవు అనేది పెట్టవా?" అని హీనెక్.
పెట్టను.