క్రియాపదం

డాక్ ఎడిషన్ వ్యాన్లు మాచర్ల దారి పట్టాక
ఆటోనగర్ ప్రెస్సులో
ఫ్యాను చప్పుడూ, నేనూ, ఏజెన్సీ కాపీ.

ఎక్కడో రెండు ఊళ్ళ మీద ఒకే రాత్రి బాంబులు పడ్డాయి.
ఒక ఊళ్ళో 14. ఇంకో ఊళ్ళో 41.

చావుకి మనకెన్ని మాటలో:
అసువులు బాశారు, బలయ్యారు, నేలకొరిగారు,
హతమయ్యారు, మట్టుబెట్టారు,
ఏదీ వెయ్యబుద్ధి కాకపోతే, మృతి.

పాపినేని గారు కుర్చీలోంచి లేవకుండానే
"మొదటి ఊరికి 'పొట్టన పెట్టుకున్నారు' వెయ్యి, బ్యానరు.
రెండోదానికి మృతి చాలు. రెండో పేజీ, సింగిల్ కాలమ్."
ఎవరు చంపారని రాయనండీ?
"దాడిలో, అని రాయి."
మంగళగిరి దగ్గర లారీ గుద్ది ఎవరన్నా పోతే
డ్రైవరు పేరూ లారీ నంబరూ లేకుండా
వార్త ముట్టుకోడు ఈయన.

పోయిన ఫిబ్రవరిలో ఆ రెండో ఊరు
మనకి కావలసినవాళ్ళ వైపు ఉన్నప్పుడు
నేనే పెట్టాను హెడ్డింగు: కన్నీటి కడలి.
పాత ఫైలు తీసి చూశాను.
అదే ఊరు. అదే బడి గోడ.
ఫోటో కూడా అదే కావచ్చు,
పొగలో పోల్చుకోలేకపోయాను.

ప్రూఫులు దిద్దే దైవసహాయం
ముప్ఫై ఏళ్ళుగా ఒత్తులకీ సున్నాలకీ తప్ప నోరెత్తనివాడు,
'ఉగ్రవాదులు' కింద ఎర్రగీత గీసి
మార్జిన్లో చీమల్లాంటి అక్షరాలతో రాశాడు:
ఐదో లైన్లో ఒకరి వయసు ఆరేళ్ళని ఉంది.
రెండిట్లో ఏది ఉంచమంటారు?

ఐదో లైను కొట్టేశాను.
చోటు చాలదనుకున్నాను.
చోటు చాలదనే అనుకున్నాను.

మర్నాడు సాయంత్రం, బీసెంట్ రోడ్డు చివర
సుగుణమ్మ బండి దగ్గర మిరపకాయ బజ్జీలు కట్టించుకుంటే
నా పేజీయే వచ్చింది చేతికి.
నూనె పీల్చి పీల్చి కాగితం అద్దమైపోయింది.
బ్యానరు కిందనుంచి
రెండో పేజీ మెల్లగా పైకి తేలింది,
అక్షరాలన్నీ వెనక్కి తిరిగి.
41 ఇటునుంచి చూస్తే
వంకరగా, 14.

ఐదో లైను ఉండాల్సిన చోట
ఉల్లిపాయ ముక్క అంటుకుని ఉంది.
గోటితో తీశాను. కింద ఏమీ లేదు.

"ఇంకో కాగితం చుట్టనా బాబూ,
కారిపోతోంది" అంది సుగుణమ్మ.