చిరగని చోట

వేట నిషేధం నడుస్తున్న మే నెల.
కేజీహెచ్ డౌన్‌లో బస్సు దిగి
ఎత్తెక్కడానికి మూడుసార్లు ఆగాడట
గరికిన పెంటయ్య. అరవై రెండేళ్ళు.
గుండెలో ఒక స్టెంటు, చొక్కా జేబులో మాత్రల చీటీ,
వేళ్ళకి ఇంకా నైలాన్ దారం కోసిన గీతలు.

రక్తం తీసేది నేనే. ఏడో నంబరు కిటికీ.
నీలం మూత గొట్టంలోకి ఎరుపు దిగుతుంటే
"సక్కెర కదమ్మా, సీమలొత్తాయేమో, బేగి మూసీ" అన్నాడు.

యంత్రంలో తిప్పితే పైకి తేలింది
బియ్యం కడుగులాంటి పసుపు మసక.
ఆ మసకే ప్లేట్‌లెట్లు.
ఒక్క చుక్క మందు వేస్తాం, కవ్వించడానికి.
అవి గుంపులు కట్టి అడుక్కి దిగితే
వెలుగు ఆ పక్కకి దాటుతుంది.
నీళ్ళు తేటపడటం ఇక్కడ మంచి కబురు కాదు.
పెంటయ్యవి నేను గడియారం చూసేలోపే తేటపడ్డాయి.

"ఏటవి?" అన్నాడు.
బిళ్ళలు, అన్నాను. పది రోజుల ఆయుష్షు.
చిరిగిన చోటికి పరిగెత్తి
ఒకదాన్నొకటి పట్టుకుని అడ్డం కూర్చోవడమే పని.
"వల బాగుసేసీవోళ్ళన్నమాట."
అంతే. కానీ చక్కెరలో నాని నాని
నీ వాళ్ళకి నిద్ర పోయింది.
తీగ తగిలినా చిరుగే అనుకుంటారు,
చిరగని చోట కూడా కుట్టేస్తారు.

కాసేపు మాట్లాడలేదు.
"మా జెట్టీలో ఒకడుండీవోడమ్మా, సోమేలు.
మా పనోడు. సెయ్యాగదు.
కన్నూ కన్నూ కలిపీసి కుట్టీసీవోడు.
ఓ ఏడు ఆడు కుట్టిన వల దించితే
నీరు దాటనేదు.
బోటునే ఎనక్కి నాగీసినాది."

నేను అంత బాగా చెప్పలేను.
పొద్దున మింగిన ఆస్పిరిన్
పొద్దుటి వాళ్ళకే బుద్ధి చెబుతుందని,
సాయంత్రానికి ఎముకల్లోంచి దిగే కొత్త కూలీలకి
ఆ సంగతే తెలియదని,
ఆయనకి మరీ తొందరగా దిగుతారని
డాక్టరమ్మ చెప్పాలి. నాకు రాసే అధికారం లేదు.
గీత మాత్రం కాగితం మీద పైకి పోయింది,
డాల్ఫిన్ నోస్ కొండ అంచులా.

లేచాడు. అప్పుడు చూశాను,
తెల్ల గచ్చు మీద ఎర్రగా ఒక మడమ,
దాని వెనక ఇంకోటి, తలుపు దాకా.
ఏ గుల్ల కోసిందో అరికాలు.
ఎప్పుడు తెగింది? "తెల్దమ్మా. తిమ్మిరి కదా."
కూర్చోబెట్టి దూది నొక్కాను.
అయిదు నిమిషాలు. పది.
బయట టోకెన్లవాళ్ళు గొణుగుతున్నారు.
దూది తీస్తే ఇంకా ఊరుతూనే ఉంది.

వంగి, తన కాలిని ఎవరి కాలో అన్నట్టు చూసి
"సిరిగిన కాడికి
రారేటమ్మా మరీ?" అన్నాడు.

ఇంకో దూది ఉండ తీసుకున్నాను.